ఉక్కు నైర్మల్యము, రేణు పరిమాణము: కాల్షియము చేయు పని

లోహములను గూర్చిన వ్యాసమునకు తెలుగు శాఖ పత్రికలో చోటేల యని కొందరు చదువరులు శంకింపవచ్చును. శాస్త్రమును తెలుగున చెప్పవలెనని కోరు మనము, చెప్పుటకు వాడు మాటలను పరీక్షింపక తప్పదు. ఒక మాట తప్పుగా నాటుకొన్నచో దాని వెంట తప్పు భావము కూడ నాటుకొనును. పిమ్మట దానిని పెకలించుట కష్టము. ద్రవరూపమున నున్న ఉక్కునకు కాల్షియము చేర్చినచో ఉక్కు శుద్ధియగుననియు, దాని రేణువులు సన్నబడుననియు సాధారణముగ చెప్పుచుందురు. ఇందు రెండు ప్రతిపాదనలు గలవు. మొదటిది సగము సత్యము. రెండవది నడుమనున్న మెట్టు నొకదానిని విడిచి చెప్పిన మాట. ఆ మెట్టేదియో చూపుట మా యుద్దేశము.

మొదట 'శుద్ధి' యను మాటను విచారింతము. బంగారము శుద్ధమనగా దానియందు బంగారము తప్ప వేరొకటి లేదని యర్థము. ఉక్కున కీ యర్థము పొసగదు. వేరొకటి లేని ఇనుము మెత్తనిది. దానిని ఉక్కుగా చేయునది కర్బనము, మాంగనీసు మొదలగు ఇతర ద్రవ్యములే. ఉక్కు విషయమున నిపుణులు కోరునది శుద్ధి కాదు. లోహము నడుమ లోహము కాని తునుకలు చిక్కుకొని యుండకుండుట. ఆక్సైడులు, సల్ఫైడులు, సిలికేటులు అను నీ తునుకలు ఒక మైక్రాను మొదలుకొని వందల మైక్రాన్ల వరకు నుండును. మైక్రాననగా మిల్లీమీటరులో వేయవ వంతు. వీనిని మేము 'అంతర్మలము'లని వ్యవహరింతుము. అవి తక్కువగా నుండుటను, ఉన్నవి హాని చేయని రూపమున నుండుటను 'నైర్మల్యము' అందుము. కమ్మరుల వాడుకలో 'చిట్టెము' ఉన్నది గదా, అది చాలదా యని యడుగవచ్చును. చిట్టెము ఇనుము నుండి వెలికి వచ్చు మలము. ఇక్కడి ప్రసక్తి వెలికి రాక లోపల నిలిచినదానిని గూర్చి.

ఈ భేదము మన ప్రాంతపు కమ్మరులకు పనిలో తెలిసినదే. కొలిమిలో కరగక ముద్దగా దిగిన ఇనుమును ఎంత సుత్తితో మోదినను చిట్టెము కొంత చారలుగ లోపల నిలిచియే యుండును. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మట్టి మూసలలో పెట్టి చేసిన ఉక్కు అట్లుకాక మూసలో పూర్తిగా కరగెడిది. కరగిన లోహముపై చిట్టెము తేలి వేరుపడెడిది. ఆ ఊరి పనిని వాయ్సీ వర్ణించిన వ్యాసము 1832లో బంగాళపు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. ఐరోపా వారు 'వూట్జ్' అని పిలిచిన ఆ ఉక్కు పేరు మన 'ఉక్కు' అను మాటకు వికృతియే యని పలువురి తలంపు. ఆ ఉక్కు గొప్పదనమున కరగుట వలన వచ్చిన నైర్మల్యమునకు కొంత భాగము కలదని మా యభిప్రాయము.

నేటి ఉక్కునకు సమస్య వేరొక దారిని వచ్చినది. కర్బనమును తగ్గించుటకై ద్రవ లోహములోనికి ఆమ్లజనిని ఊదుదురు. ఆ పని ముగియునప్పటికి ఉక్కులో ఆమ్లజని పదిలక్షల పాళ్ళలో కొన్ని వందల పాళ్ళు కరగియుండును. అది నిలిచినచో పోత గట్టిపడునపుడు కర్బనముతో కూడి వాయువై బుడగలు పుట్టించును. కావున దానిని పట్టుటకు అల్యూమినియము వేయుదురు. కరగిన ఆమ్లజని కొద్ది పాళ్ళకు దిగును. కాని పోయిన ఆమ్లజని ఎచ్చటికి పోయినది? అల్యూమినియముతో కూడి అల్యూమినా యైనది. ఇది సుమారు 2050 డిగ్రీల సెంటిగ్రేడునకు గాని కరగదు. లేడిలులోని ఉక్కు 1600 డిగ్రీల ప్రాంతమున నుండును. కావున అల్యూమినా ద్రవములో ఘనముగనే పుట్టి, కొమ్మలు రెమ్మలుగ నల్లుకొని, గుంపులు కట్టును.

ఉక్కు కంటె తేలిక గనుక ఈ తునుకలు పైకి తేలిపోవలెను గదా యనిన, స్టోక్సు సూత్రమును బట్టి తేలు వేగము వ్యాసము యొక్క వర్గమును అనుసరించును. మేము లెక్క వేసి చూడగా, మూడు మీటర్ల లోతుగల లేడిలు అడుగు నుండి నూరు మైక్రాన్ల తునుక పైకి చేరుటకు సుమారు 14 నిముషములు పట్టును. ఇరువది మైక్రాన్లదానికి దాదాపు ఆరు గంటలు పట్టును. అంతవరకు ఉక్కు ద్రవముగ నిలువదు. ఆర్గాను వాయువుతో కలియబెట్టి తునుకలను గుంపులుగ చేర్చి తేల్చుదురు. ఐనను చిన్నవి కొన్ని మిగులుచునే యుండును. అట్లు మిగిలినవి చేయు మొదటి హాని పోత వద్దనే కనబడును. అవిచ్ఛిన్నముగ పోత పోయునపుడు ఉక్కు నాజిలు అను సన్నని ద్వారము గుండ దిగవలెను. ద్రవలోహము అల్యూమినాను తడుపదు. తడియని తునుకలు ఒకదానికొకటి, ద్వారపు గోడకు అంటుకొని పేరుకొని దారి మూయును.

కాల్షియము ఇచ్చట ప్రవేశించును. మన పారిభాషిక పదకర్తలు దీనికి 'ఖటికము' అను పేరు నిచ్చిరి గాని, వాడుకలో కాల్షియమే నిలిచినది. మేమును దానినే గ్రహించుచున్నాము. ఈ లోహమును 1808లో హంఫ్రీ డేవీ తొలుత వేరుచేసెను. సున్నము దీని ఆక్సైడు. విద్యార్థులు సున్నమును, కాల్షియమును తరచుగ కలగలుపుదురు గనుక ఒక మాట: చిట్టెములో సున్నమును వాడి భాస్వరమును తీయు పద్ధతి 1878 ప్రాంతమున థామస్ కనుగొన్నది, అది వేరు. ఇచ్చట చేర్చునది లోహము.

ఆ లోహమును ఉక్కులో చేర్చుట సులభము కాదు. దాని మరుగు ఉష్ణోగ్రత 1484 డిగ్రీలు, అనగా ద్రవ ఉక్కు కంటె నూరు డిగ్రీలకు పైగా తక్కువ. దాని సాంద్రత ఉక్కులో నాలుగవ వంతునకు లోపలనే. ఉక్కులో అది కరగు మోతాదు నూటికి కొన్ని వందవ వంతులు మాత్రమే. పైన చల్లినచో దీపావళి చిచ్చుబుడ్డి వలె వెలిగి ఆవిరియై పోవును. 1600 డిగ్రీల వద్ద దాని ఆవిరి పీడనము వాతావరణ పీడనమునకు రెట్టింపునకు కొంచెము తక్కువ. ద్రవ ఉక్కులో సుమారు ఒకటిన్నర మీటరు లోతున పీడనము దానిని మించును. ఆ లోతునకు దిగిన కాల్షియము మరుగక ద్రవముగనే కొంత సేపు నిలుచును. ఈ గణితమునుబట్టియే పద్ధతులు వచ్చినవి. 1970వ దశకమున కాల్షియపు మిశ్రములను పొడిచేసి ఆర్గానుతో గొట్టము గుండ లోతునకు ఊదిరి. తరువాత కాల్షియము, సిలికనుల మిశ్రమపు పొడిని పలుచని ఉక్కు తొడుగులో నింపి, తీగగా చుట్టి, వేగముగ లేడిలు లోనికి దింపు పద్ధతి వ్యాపించినది. ఇంత జేసినను వేసిన కాల్షియములో లోహమున నిలుచునది తరచుగ మూడవ వంతునకు లోపలనే.

నిలిచినది చేయు పని మిక్కిలి విశేషమైనది. అది అల్యూమినా తునుకలోని అల్యూమినియమును కొంత వెడలగొట్టి తాను ఆక్సైడై అందు చేరును. తునుక క్రమముగ కాల్షియము అల్యూమినేటుగ మారును. ఒక పాలు సున్నమునకు ఆరు పాళ్ళ అల్యూమినా గలది ఇంకను 1800 డిగ్రీలకు పైననే కరగును. రెండు పాళ్ళు గలది 1750 ప్రాంతమున. సమభాగములైనది 1600 వద్ద. పండ్రెండు పాళ్ళ సున్నమునకు ఏడు పాళ్ళ అల్యూమినా గలది 1400 డిగ్రీలు కొంచెము దాటగనే కరగును. అనగా ఉక్కు ద్రవముగ నుండగా అదియు ద్రవమే. నీటిలో నూనె బొట్టు వలె అది గుండ్రమగును. గోడ కంటుకొనక నాజిలు గుండ జారిపోవును.

ఇక్కడ ఒక సూక్ష్మమును గమనింపవలెను. ఈ మార్పు వలన ఉక్కులోని ఆమ్లజని తగ్గలేదు. తునుకలో సున్నము చేరుటచే అంతర్మలము బరువు వాస్తవముగ కొంత హెచ్చినది. తగ్గినది మలము కాదు, దాని హాని. అంతేకాదు, ద్రవమైన అల్యూమినేటు బొట్లను ఉక్కు బాగుగ తడుపుటచే అవి ఘనమైన అల్యూమినా గుంపులంత సులభముగ లోహమును విడిచి చిట్టెములో చేరవు. అందువలననే జాగరూకులగు పనివారు మొదట అల్యూమినాను కలియబెట్టి తేల్చగలిగినంత తేల్చి, కాల్షియమును చివరకు చేర్చుదురు. కాల్షియము చేర్చితిమి గనుక కలియబెట్టుట అనవసరమని తలచువారు 'శుద్ధి' యను మాటకు మోసపోయినవారే.

గంధకము విషయమున ఈ రూపపరివర్తనము ఇంకను స్పష్టము. సాధారణపు ఉక్కులో గంధకము మాంగనీసు సల్ఫైడుగ, పోత గట్టిపడు చివరి ఘడియలలో రేణువుల సందులందు పుట్టును. కాగిన ఉక్కును రోలరుల క్రింద సాచునపుడు ఈ సల్ఫైడు మెత్తనిదగుటచే తానును సాగి సన్నని చారయగును. పిండిముద్దలో చిక్కిన బెల్లపు పాకము అప్పడాల కర్ర క్రింద పొడవుగ సాగును. మిరియపు గింజ యైనచో గింజగనే నిలుచును. కాల్షియము సల్ఫైడు మిరియపు గింజ వంటిది. సాగిన చారలున్న పలక పొడవున బలముగనే యుండును గాని, అడ్డముగ లాగినపుడు, ముఖ్యముగ మందము దిశగ లాగినపుడు, ఆ చారల వెంబడి చీలును. గంధకపు వాయువు కలిసిన సహజవాయువును మోయు గొట్టములలో ఉదజని లోహములోనికి చొచ్చి ఈ చారల కొనలయందే చేరి పగుళ్ళు పుట్టించును. అట్టి గొట్టముల ఉక్కునకు కాల్షియము చేర్చుట నేడు నియమము వంటిది.

నైర్మల్యమును కొలుచు పటములలో అంతర్మలములను నాలుగు జాతులుగ విభజింతురు: సల్ఫైడులు, వరుసలు కట్టిన అల్యూమినా, సిలికేటులు, గోళాకారపు ఆక్సైడులు. స్వీడను దేశపు ఇనుప పరిశ్రమ సంఘము పటమును అనుసరించిన ఈ పద్ధతిలో కాల్షియము చేయు పనిని ఒక్క వాక్యమున చెప్పవచ్చును: మొదటి రెండు జాతులను నాల్గవ జాతిలోనికి మార్చును.

మోతాదు తప్పినచో మేలునకు మారు కీడు కలుగును. కాల్షియము చాలనపుడు తునుకలు అల్యూమినా అధికముగ గల, ఇంకను ఘనమైన అల్యూమినేటుల వద్దనే ఆగును. అవియు నాజిలును మూయును. ఎక్కువైనపుడు, లేదా గంధకమును ముందుగ తగ్గింపక చేర్చినపుడు, కాల్షియము సల్ఫైడు ద్రవములోనే ఘనముగ పుట్టి తానే ద్వారమును మూయును. ఆ సల్ఫైడు కరగుటకు 2400 డిగ్రీలకు పైన వేడి కావలెను. 1975లో హిల్టీ, ఫారెల్ అను పరిశోధకులు ప్రకటించిన వ్యాసములు కాల్షియము చేరినకొలది అంతర్మలము ఏయే రూపములు దాల్చునో వరుసగ చూపినవి. తరువాతి వారు ఆ త్రోవనే నడచిరి.

ఇక రేణువుల సంగతి. ఇచ్చటను మాట చిక్కు గలదు. కొందరు 'కణము' అందురు. అది అణువుల కంటె చిన్న వస్తువులకును, జీవశాస్త్రమున మరియొకదానికిని చెల్లినది. 'గింజ' యన్నచో వేరుగ పడియున్న వస్తువు తోచును. పూస కట్టిన నెయ్యిని జ్ఞప్తికి తెచ్చుకొన్న భావము చక్కగ కుదురును. నెయ్యి నెమ్మదిగ పేరుకొన్నచో పెద్ద పూస, త్వరగ పేరుకొన్నచో సన్నపూస. నెయ్యి ఒకటే, లోపలి అమరిక వేరు. అయితే 'పూస' శాస్త్ర రచనలో నిలువలేదు గనుక 'రేణువు' అని వాడుచున్నాము. ఉక్కులో ఒక్కొక్క రేణువు ఒక స్ఫటికము; పొరుగు రేణువులో పరమాణువుల వరుసల దిశ మారును. దిశ మారు సరిహద్దు లోహపు వంపునకు అడ్డుగోడ. అడ్డుగోడలు దగ్గరగ నున్నకొలది లోహము బలిష్ఠమగును. లొంగు బలము రేణు వ్యాసపు వర్గమూలమునకు విలోమముగ పెరుగునని 1951లో హాల్, 1953లో పెచ్ చూపిరి. బలముతోబాటు చలిలో పెళుసుబారని గుణమును కూడ పెంచు ఉపాయములు అరుదు. సన్నని రేణువు అట్టిది.

కాగిన ఉక్కులో రేణువులు పెరుగుట స్వభావము. ఆ పెరుగుదలను కొలుచుటకు 1922లో మెక్‌క్వెయిడ్, ఏన్ అనువారు ఒక పరీక్ష చెప్పిరి. నమూనాను కర్బనమునందుంచి సుమారు 925 డిగ్రీల వద్ద ఎనిమిది గంటలు కాచి, చల్లార్చి, రేణువుల సరిహద్దులను చూచుట దాని పద్ధతి. పరిమాణమును అంకెలతో చెప్పుదురు: నూరు రెట్లు పెద్దది చేసి చూచినపుడు చదరపు అంగుళములో ఒక్క రేణువున్నచో 1వ సంఖ్య, రెండున్నచో 2వది, నాలుగున్నచో 3వది, ఇట్లు రెట్టించుచు పోగా 8వ సంఖ్యకు 128 రేణువులు. అంకె పెరిగినకొలది రేణువు చిన్నదని విద్యార్థులు మరువరాదు. పరీక్షాపత్రములలో ఇది తరచుగ తలక్రిందులగును.

పెరుగుదలను ఆపునది సరిహద్దులను పట్టి నిలుపు అతిసూక్ష్మమైన తునుకలు. 1948లో వెలువడిన జెనర్ వాదమును బట్టి, రేణువు పెరుగగల మేర తునుకల పరిమాణమునకు అనులోమముగ, లోహమున వాని ఘనపరిమాణపు పాలునకు విలోమముగ నుండును. ఈ కొలతతో కాల్షియమును పరీక్షింతము. ఉక్కులో ఆమ్లజని పదిలక్షలకు ఇరువది పాళ్ళు ఉన్నదనుకొందము. అదంతయు ఒక మైక్రాను వ్యాసార్థముగల కాల్షియము అల్యూమినేటు బొట్లుగ నున్నచో, అవి నిలుపగల రేణువు వ్యాసార్థము సుమారు తొమ్మిది మిల్లీమీటర్లని మా లెక్క. అనగా అవి దేనిని నిలుపజాలవు. అల్యూమినియము నైట్రైడును చూడుడు. నత్రజని పదిలక్షలకు అరువది పాళ్ళుండి, అదంతయు మైక్రానులో ఏబదవ వంతు వ్యాసార్థముగల తునుకలైనచో, నిలుపగల మేర డెబ్బది మైక్రాన్లకు లోపల. రెంటి నడుమ భేదము నూరు రెట్లకు పైగా నున్నది. లెక్క స్థూలమే; వాస్తవమున రేణువులు ఇంకను చిన్నవిగ నిలుచును. కాని స్థూలమైన లెక్కకే ఇంత దూరము తేలినపుడు, సన్నని రేణువు గల ఉక్కును చేయునది అల్యూమినియమే గాని కాల్షియము కాదని నిశ్చయింపవచ్చును. నైట్రైడు కరగిపోవు ఉష్ణోగ్రతను దాటి కాచినచో రేణువులు ఒక్కుమ్మడిగ పెరుగుటయు ఇందుకే సాక్ష్యము.

అట్లైన కాల్షియము రేణువులను సన్నజేయునను మాట ఎచ్చటి నుండి వచ్చినది? మేము విడిచిన మెట్టంటిమే, అది ఇచ్చటనే యున్నది. సన్నని రేణువు కావలెనన్న ఉక్కులో కరగియుండు అల్యూమినియము నూటికి 0.02 మొదలు 0.05 వంతుల వరకు కావలెను. అంత అల్యూమినియమున్న ఉక్కు బిల్లెట్టులను పోయు సన్నని నాజిలు గుండ దిగదు. అల్యూమినా దారి మూయును. అందువలన అట్టి పోతయంత్రముల వద్ద అల్యూమినియమును నూటికి కొన్ని వేయవ వంతులకు తగ్గించి, సిలికను, మాంగనీసులతోనే ఆమ్లజనిని పట్టెడివారు. ఆ ఉక్కు రేణువు పెద్దది. కాల్షియము వచ్చి అల్యూమినాను ద్రవముగ మార్చిన పిమ్మట అల్యూమినియము గల ఉక్కును ఆ ద్వారముననే పోయ వీలైనది. రేణువును సన్నజేసినది అల్యూమినియము. అది ఉక్కులో నిలుచుటకు చోటు చేసినది కాల్షియము. కావున కాల్షియము చేర్చిన ఉక్కును, చేర్చనిదానిని పోల్చి రేణు పరిమాణమున భేదము కనబడెనని చెప్పు పరిశోధక విద్యార్థి, ముందుగ ఆ రెంటిలో కరగిన అల్యూమినియము, నత్రజని సమానముగ నున్నవా యని చూపవలెను. అది చూపనిదే ఫలము ఎవరి ఖాతాలో వ్రాయవలెనో తెలియదు.

ఈ నిర్ణయమునకు ఒక అపవాదము కలదు, దానిని దాచరాదు. లోహపు పలకలను అతుకునపుడు అతుకు ప్రక్కనే ఉక్కు 1400 డిగ్రీల వరకు కాగును. ఆ వేడికి అల్యూమినియము నైట్రైడు నిలువదు. రేణువులు విపరీతముగ పెరిగి ఆ చోటు పెళుసగును. ఓడలకు, ఎత్తైన కట్టడములకు మందపు పలకలను ఒక్కసారిగ ఎక్కువ వేడితో అతుకవలసివచ్చిన జపాను దేశీయులు, 1990 ప్రాంతము నుండి, అంతటి వేడికిని కరగని ఆక్సైడులను శత్రువులుగ గాక సాధనములుగ చూడనారంభించిరి. మొదట టైటేనియము ఆక్సైడులు రేణువు లోపల క్రొత్త సన్నని రేణువులకు బీజములగునని గ్రహించిరి. పిమ్మట కాల్షియము, మెగ్నీషియముల ఆక్సైడులను, సల్ఫైడులను మైక్రానులో నూరవ వంతు మొదలు పదవ వంతు వరకు పరిమాణముతో చెదరగొట్టి, అతుకు ప్రక్క రేణువులను నిలుపు ఉక్కులను చేసిరి. ఇట్టి ఉక్కులో కాల్షియము స్వయముగనే రేణువును పట్టుచున్నది. జెనర్ వాదమునకు ఇది విరుద్ధము కాదు. తునుక పరిమాణము నూరవ వంతునకు దిగినపుడు అదే సూత్రము ఒప్పుకొను ఫలమే యిది. ఇంతటి చిన్న తునుకలు సామాన్య సూక్ష్మదర్శినికి కనబడవు, ఎలక్ట్రాను సూక్ష్మదర్శినికే కనబడును. నూరు రెట్లు పెద్దది చేసి చూచి అంతర్మలములను లెక్కించు నైర్మల్య పరీక్షలో ఆ ఉక్కు, తనలో అట్టి తునుకలు కోట్ల కొలది యుండగనే, నిర్మలమైనదని తేలును.